మాత్రలు మానేయమన్న మాట దేవుడిదేనా?

ప్రొద్దుటూరు నుంచి ఒక అమ్మాయి అడిగిన సంగతి ఇది. వాళ్లమ్మ ఆర్నెల్లుగా ఒక ఇంటి కూడికకు పోతోంది. అక్కడ ప్రార్థన చేసే అన్న, ఈ అమ్మాయికి పెళ్లి కుదరకపోవడానికి తాతల నాటి శాపం కారణమని దర్శనంలో చూశానన్నాడు. శాపం తెగాలంటే ఇరవై ఒక్క రోజుల ఉపవాసం ఉండాలి, దాంతో పాటు విత్తన కానుక, అంటే ఆశీర్వాదం పండుతుందని నమ్మి ముందే ఇచ్చే కానుక, వేయాలి అన్నాడు. అమ్మ చేతి గాజులు రెండు తీసి ఇవ్వడానికి సిద్ధమైంది. తమ్ముడికి చిన్నప్పటి నుంచి ఫిట్స్. మాత్రలు మింగడం అవిశ్వాసమని చెప్పినందుకు నాలుగు రోజులుగా ఆపేశారు. "ఎదురు చెబితే దైవజనుణ్ణి ముట్టినట్టు అవుతుందేమోనని భయం. ఒకవేళ దేవుడే చెప్పాడేమో కదా? ఎట్ల తెలుసుకునేది?" అని అడుగుతోంది.

పాపా, నీ ప్రశ్నకు నిదానంగా జవాబు చెబుతాను. కానీ ముందు తమ్ముడి సంగతి. ఇది చదవడం ఇక్కడ ఆపి, వాడికి మందులు రాసే డాక్టరుకు ఫోన్ చెయ్యి. ఏ మాత్ర, ఎన్ని రోజులు ఆపారు అన్నది ఉన్నదున్నట్టు చెప్పు. ఫిట్స్ మాత్రలు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్ మీద ఫిట్ వచ్చి ఆగకపోయే ప్రమాదం ఉంది, ప్రాణం మీదికి వస్తుంది. కొన్ని మందులైతే కొన్నాళ్లు మానేశాక మళ్లీ పాత డోసుతోనే మొదలుపెట్టకూడదు, తక్కువతో మొదలుపెట్టి పెంచాలి. అందుకే నీ అంతట నువ్వు ఇవ్వకుండా ఆయన్నడగమంటున్నాను. ఈలోపు ఫిట్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టు, తలకింద మెత్తటి గుడ్డ పెట్టు. నోట్లో చెంచా పెట్టొద్దు, నీళ్లు పోయొద్దు, చేతిలో తాళాలగుత్తి పెట్టడం వల్ల ఏమీ జరగదు. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే రెండోది మొదలైనా 108కి ఫోన్ చెయ్యి.

నేను ఈ జిల్లాలోనే ముప్పై ఒక్కేళ్లు నర్సుగా చేసి రిటైరైనాను. దాదాపు అంతకాలమూ మా సంఘంలో స్త్రీల బైబిలు తరగతి నడిపాను, ఇప్పటికీ నడుపుతున్నాను. రెండు చోట్లా చూసిందే రాస్తున్నాను. ఒకసారి రాత్రి డ్యూటీలో ఉండగా పద్నాలుగేళ్ల పిల్లోణ్ణి ఆటోలో తెచ్చారు. ఫిట్ ఆగడం లేదు. వాళ్లమ్మ చేతిలో చిన్న నూనె సీసా, మూత ఊడిపోయి నూనె చీర కుచ్చిళ్లంతా కారింది. సూది వేయడానికి నేను వాడి చెయ్యి పట్టుకుంటే ఆ నూనెకు జారిపోతోంది. "వారమైంది సిస్టర్ మాత్రలు ఆపి, మేము విశ్వాసంతోనే ఆపినాం" అంటూనే ఉంది ఆ తల్లి. మూడు రోజులకు వాడు కళ్లు తెరిచాడు. తెరవని పిల్లల్ని కూడా చూశాను. అందుకే ఈ విషయంలో నాకు మెత్తగా మాట్లాడడం చేతకాదు.

దేవుడు స్వస్థపరుస్తాడని నేను నమ్ముతాను. వార్డులో ఎంతోమంది మంచాల పక్కన మోకాళ్లూని ప్రార్థించినదాన్ని. అయితే మాత్ర మింగడం అవిశ్వాసమని ఏ వాక్యం చెప్పింది? హిజ్కియా రాజు చావు దగ్గర పడి గోడ తట్టు తిరిగి ఏడ్చినప్పుడు, దేవుడు యెషయా చేత కబురు పంపాడు: నీ ప్రార్థన విన్నాను, నీకు ఇంకా పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తున్నాను అని. అంతకంటే గట్టి ప్రవచనం ఏముంటుంది? ఆ మాట తెచ్చిన యెషయాయే, అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద వేయమన్నాడు. రాజుల రెండవ గ్రంథం 20వ అధ్యాయంలో ఉంది, అమ్మకు చూపించు. పౌలు తిమోతికి కడుపు జబ్బు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. త్రోఫిము రోగి అయితే మిలేతులో విడిచి వచ్చానన్నాడు. ఎఫెసులో పౌలు ఒంటికి తగిలిన చేతిరుమాళ్లు వేస్తేనే రోగాలు పోయాయే, అదే పౌలు తన మనిషిని జబ్బుతోనే వదిలి రావలసి వచ్చింది. అయినా త్రోఫిముకు విశ్వాసం చాలలేదని ఒక్క ముక్క రాయలేదు. ఆ పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే.

అమ్మ ఒకటి అడగొచ్చు. మత్తయి 17వ అధ్యాయంలో చాంద్రరోగి, అంటే మూర్ఛలు వచ్చే అబ్బాయిలోంచి యేసు దయ్యాన్ని వెళ్లగొట్టాడు కదా, ఫిట్స్ అంటే దయ్యమే కదా అని. నిజమే, ఆ పిల్లవాడి విషయంలో అట్లాగే ఉంది. అయితే అదే మత్తయి 4వ అధ్యాయం 24వ వచనం తీసి వేలు పెట్టి చదివించు. "దయ్యముపట్టినవారిని, చాంద్రరోగులను, పక్షవాయువు గలవారిని" అని వేరువేరుగా రాసి ఉంది. రెండూ ఒకటే అయితే రెండుసార్లు ఎందుకు రాస్తాడు? ప్రభువుకు తేడా తెలుసు. మూర్ఛ వచ్చిన ప్రతి బిడ్డకూ దయ్యం పట్టిందనే మనిషికి తెలియదు. ఆ మాట వల్ల బిడ్డకు రోగంతో పాటు సిగ్గు కూడా అంటుకుంటుంది.

ఇక నువ్వడిగిన అసలు ప్రశ్న. దేవుడే చెప్పాడేమో, ఎట్ల తెలుసుకోవాలి?

మీ ఊళ్లోనే ఉంది దీనికి జవాబు. బంగారానికి ప్రొద్దుటూరు పేరు మోసింది కదా. నా పెళ్లికి ముందు మా జేజి తన పాత కంటె మార్పించడానికి నన్ను మీ ఊరికే తీసుకుపోయింది. అంగట్లో ఆయన ఏమీ మాట్లాడకుండా నల్లటి గీటురాయి తీసి కంటె అంచును దాని మీద గీశాడు. పచ్చటి గీత పడింది. పక్కనే తన దగ్గరున్న మేలిమి పుల్లతో ఇంకో గీత గీశాడు. రెండింటి మీదా చుక్క ద్రావకం వేసి దీపానికి దగ్గరగా పెట్టి చూశాడు. నేను మా జేజి మొహం చూశాను, ఇంత పెద్దామెను అనుమానిస్తున్నాడే, ఆమెకు కోపం వస్తుందేమోనని. ఆమె నిమ్మళంగా కూర్చుని ఉంది. "మంచిదైతే గీస్తే ఏం పాయె" అంది.

పౌలు థెస్సలొనీకయులకు "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి" అని రాసినప్పుడు వాడిన గ్రీకు మాట లోహాలను, నాణేలను పరీక్షించడానికి ఆ కాలంలో వాడుకలో ఉన్నదే. "ఆయా ఆత్మలు దేవుని సంబంధమైనవో కావో పరీక్షించుడి" అని యోహాను రాసిన చోటా అదే మాట. పరీక్షించడం దేవుణ్ణి అనుమానించడం అనుకుంటున్నావు నువ్వు. కాదు పాపా, పరీక్షించమని ఆజ్ఞ ఇచ్చిందే ఆయన. బెరయ ఊరివాళ్లు సాక్షాత్తూ పౌలు చెప్పిన మాటనే ఇంటికి పోయి లేఖనాల్లో వెతికి చూసుకున్నారు, వాళ్లకు తిట్లు రాలేదు, ఘనులనే పేరు వచ్చింది. పౌలు చెప్పినదాన్నే పరీక్షించొచ్చు అంటే, మీ వీధిలో ప్రార్థన చేసే అన్న మాటను పరీక్షించకూడదా?

ఇన్నేళ్లలో నాకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చిన గుర్తు ఇదే. దేవుని దగ్గర నుంచి వచ్చిన మాట నీకు టైము ఇస్తుంది. నలుగుర్ని అడుగు, వాక్యంతో పోల్చు, మీ సంఘం అయ్యగారికి, అదే పాస్టరుకు చెప్పు, డాక్టరును అడుగు అంటే భయపడదు. తప్పుడు బోధకు గీటురాయి కనపడితేనే వణుకు. "ఎవరికీ చెప్పొద్దు", "రేపటి లోపల", "అడిగితే ఆశీర్వాదం పోతుంది", "మీ పాస్టరుకు ఇవి అర్థం కావు". ఈ నాలుగు మాటల్లో ఏది వినపడినా నేను అక్కడే ఆగిపోతాను, చెప్పేవాడు ఎంత కన్నీళ్లతో చెప్పినా సరే. మీ అన్న ఇందులో ఎన్ని అన్నాడో నువ్వే గుర్తు తెచ్చుకో.

"నేను అభిషేకించినవారిని ముట్టకూడదు" అనే వచనంతోనే నిన్ను భయపెట్టి ఉంటారు. అది 105వ కీర్తన. పైనా కిందా చదువు. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు కొద్దిమందిగా, దిక్కులేని పరదేశులుగా ఊరూరా తిరుగుతున్నప్పుడు వాళ్లకు హాని చేయొద్దని దేవుడు రాజులను గద్దించిన మాట. బలం లేనివాళ్లను కాపాడడానికి బలమున్నవాళ్లతో చెప్పింది. దాన్ని తిరగేసి, వేదిక మీదున్నవాడు కింద కూర్చున్న విధవరాలి నోరు మూయించడానికి వాడుతున్నారు. సౌలు అభిషిక్తుడని దావీదు అతని మీద కత్తి ఎత్తలేదు, కానీ నువ్వు చేస్తున్నది అన్యాయమని అందరూ వినేటట్టు కేక వేసి చెప్పాడు. ఆ దావీదు తానే అభిషిక్తుడై తప్పు చేస్తే నాతాను ఎదురు నిలబడి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. పేతురు తప్పు చేస్తే పౌలు మొహం మీదే ఎదిరించాడు. ప్రశ్న అడగడం ముట్టడం కిందికి రాదు.

అమ్మ తప్పకుండా అంటుంది, "ఆయన చెప్పినవి జరిగినాయి" అని. జరిగే ఉండొచ్చు. కొన్ని ఎట్లా జరుగుతాయో నేను చూశాను. రెండు వందల మంది ఆడవాళ్లున్న కూడికలో "ఇక్కడ నడుము నొప్పితో బాధపడే అక్క ఉంది, ప్రభువు చూపిస్తున్నాడు" అంటే, పొద్దు పొడిచింది మొదలు చేన్లో వంగి కలుపు తీసేవాళ్లే కదా వచ్చింది, ఎవరికి లేదు నొప్పి? ముందు వచ్చినవాళ్ల చేత ప్రార్థన చీటీలు రాయించి, అందులోదే తర్వాత దర్శనంగా చెప్పడమూ నా కళ్లారా చూశాను. సరే, అదంతా పక్కన పెట్టు. నిజంగానే సూచన జరిగిందనుకో. ద్వితీయోపదేశకాండం 13వ అధ్యాయం సరిగ్గా ఇదే చెబుతుంది: ప్రవక్త చెప్పిన సూచన జరిగినా సరే, అతను నిన్ను దేవుని దగ్గర నుంచి వేరే దారికి తిప్పుతుంటే అతని మాట వినొద్దు. ఫిలిప్పీలో సోదె చెప్పే పనిపిల్ల పౌలు వెనకాలే తిరుగుతూ "వీళ్లు సర్వోన్నతుడైన దేవుని దాసులు" అని అరిచింది. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అయినా పౌలు ఆ ఆత్మను వెళ్లగొట్టాడు. ఆ పిల్లను పెట్టుకుని లాభం సంపాదించే యజమానులకే మండింది. నిజం చెప్పింది కాబట్టి దేవుని ఆత్మే అనుకోవడానికి లేదు. ఎవరు ఎవరి వల్ల డబ్బు చేసుకుంటున్నారో కూడా చూడాలి.

గాజుల సంగతి అక్కడికే వస్తుంది. "కొంచెముగా విత్తువాడు కొంచెముగా పంటకోయును" అన్న మాట చెప్పే విత్తన కానుక అడిగి ఉంటారు. ఆ మాట కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 9వ అధ్యాయంలోది. పౌలు ఆ కానుక ఎవరి కోసం పోగు చేస్తున్నాడు? యెరూషలేములో ఉన్న పేద విశ్వాసుల కోసం. తన కోసం కాదు. దానికి ముందు 8వ అధ్యాయంలో, ఆ డబ్బు విషయంలో ఎవరూ తన మీద తప్పు మోపకుండా సంఘాలు ఏర్పరచిన మనుషులను వెంట పంపుతున్నానని రాశాడు. లెక్క చూపించడానికి అపొస్తలుడికి సిగ్గు లేకపోయింది. మీ కూడికలో గాజులిస్తే రసీదు ఉందా? లెక్క చూసే కమిటీ ఉందా? ఇంకొకటి, పౌలు ప్రతివాడూ సణుగుకోకుండా, బలవంతం లేకుండా ఇవ్వాలన్నాడు. శాపం తెగదని భయపెట్టి తీసుకున్నది బలవంతం కాకపోతే మరేమిటి?

మొదటి తరాల క్రైస్తవులకూ ఈ బెడద ఉండింది. డిడాకే అనే ఒక చిన్న పాత గ్రంథం ఉంది, అపొస్తలుల కాలానికి దగ్గరలో పుట్టింది. ఎన్నో వందల ఏళ్లు కనపడకుండా పోయి, 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దాని ప్రతి దొరికింది. ఊరూరా తిరిగే ప్రవక్తలను ఎట్లా గుర్తుపట్టాలో అందులో రాశారు. వచ్చినవాడు మూడు రోజులుంటే అబద్ధ ప్రవక్త, పోయేటప్పుడు దారికి రొట్టె తప్ప డబ్బు అడిగితే అబద్ధ ప్రవక్త. ఆత్మలో ఉన్నానంటూ "నాకు డబ్బివ్వండి" అంటే వినొద్దు, అదే లేనివాళ్ల కోసం అడిగితే తప్పు పట్టొద్దు. చదివినప్పుడల్లా నాకు ఆశ్చర్యం, వాళ్లు మన వీధులు చూసి రాసినట్టే ఉంటుంది.

శాపం గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అవసరం లేదు. యెహెజ్కేలు 18వ అధ్యాయం, గలతీయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయం 13వ వచనం, ఈ రెండూ చదువు. తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయనే సామెత ఇక మీరు పలకకూడదని దేవుడే అన్నాడు. క్రీస్తు మన కోసం శాపమై మనల్ని విడిపించాడని పౌలు అన్నాడు. ఆయన సిలువ మీద తెంచింది చాలలేదు, నీ అమ్మ గాజులు కూడా కావాలి అనే బోధ యేసును తక్కువ చేస్తోంది. పెళ్లి ఆలస్యం కావడం శాపం కాదు తల్లీ. కట్నాలు, చుట్టాల మాటలు, తమ్ముడి జబ్బు విని వెనక్కిపోయే సంబంధాలు, వీటిలో నువ్వెంత నలిగిపోతున్నావో నాకు తెలుసు. దాని మీద శాపమనే బరువు కూడా వేసినవాడికి నీ మీద జాలి లేదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. తప్పుడు మాట చెప్పేవాళ్లంతా మోసగాళ్లేనని నువ్వు అనుకోకూడదు గనుక చెబుతున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మా స్త్రీల కూడికలో ఒకామె ఉండేది, పెళ్లై తొమ్మిదేళ్లు, పిల్లలు లేరు. ఒక ఉపవాస ప్రార్థనలో ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తుంటే నా గుండె కరిగిపోయింది. "వచ్చే సంవత్సరం ఈ పాటికి నీ ఒళ్లో బిడ్డ ఉంటుంది, ప్రభువు చెబుతున్నాడు" అన్నాను. శారాకు చెప్పిన మాట అది, ఎలీషా షూనేము స్త్రీకి చెప్పిన మాట. ఆమెకు చెప్పమని నాకు ఎవరూ చెప్పలేదు. నాలో పొంగిన జాలిని దేవుని స్వరం అనుకున్నాను. ఆమె ఊయల కొనుక్కుంది. సంవత్సరం గడిచింది. తర్వాత కూడికకు రావడం మానేసింది. రెండేళ్లకు గాని నాకు ధైర్యం రాలేదు, వాళ్లింటికి పోయి క్షమించమని అడిగాను. గడప దగ్గరే నిలబడి ఆమె అన్న మాట ఇది: "నువ్వు అనకముందు పిల్లల కోసం ఏడ్చేదాన్ని అక్కా. నువ్వన్నాక దేవుడి మీద ఏడ్చినా."

ఆ రోజు నుంచి "ప్రభువు చెబుతున్నాడు" అనే మాట నా నోట రాలేదు. మనసులో ఏదైనా మాట గట్టిగా మెదిలితే, "నాకిట్లా అనిపిస్తోంది, తప్పు కావచ్చు, నువ్వు పరీక్షించుకో" అంటాను. మీ కూడిక అన్న దొంగో, అప్పట్లో నాలాగా తనను తాను నమ్ముకుని పొరపడినవాడో ఇక్కడి నుంచి నేను చెప్పలేను. అతని హృదయం దేవుడు చూసుకుంటాడు. అతని మాట మాత్రం తప్పు.

యిర్మీయా 28, 29 అధ్యాయాలు అమ్మతో కలిసి చదువు, ఒక్కసారి కాదు, రెండు మూడు సార్లు. డిసెంబరు 31 రాత్రి మన సంఘాల్లో వాగ్దాన కార్డులు తీస్తాం కదా. పళ్లెంలోంచి ఒక్కొక్కరూ కళ్లు మూసుకుని ఒకటి తీసుకుంటారు. యిర్మీయా 29:11 వచ్చినవాళ్ల మొహాలు వెలిగిపోతాయి. మీకు హాని చేసే ఉద్దేశాలు కావు, సమాధానకరమైనవే అనే మాట. దాన్ని కార్డు మీద నుంచి తీసి పుస్తకంలో పెట్టి చూడు. బబులోనుకు చెరగా పోయిన తన జనానికి యిర్మీయా రాసి పంపిన ఉత్తరంలోది అది. దానికి ముందు వచనంలోనే ఉంది, బబులోనులో డెబ్బయ్యేళ్లు గడిచాకే మిమ్మల్ని తిరిగి రప్పిస్తానని. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది ఆ రోజును చూడకుండానే పోతారు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఊరి క్షేమం కోసం ప్రార్థించండి అన్నాడు. అంతకుముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో, యాజకుల ముందర, రెండేళ్లలోనే అందరూ తిరిగి వచ్చేస్తారన్నాడు. బబులోను రాజుకు లొంగి ఉండాలని చూపడానికి యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని లాగి విరగ్గొట్టాడు కూడా. జనానికి ఏ ప్రవచనం నచ్చి ఉంటుంది? రెండేళ్లా, డెబ్బయ్యా?

అక్కడ యిర్మీయా చేసిన పని నాకు చాలా ఇష్టం. హనన్యా మాట వినగానే "ఆమెన్, యెహోవా అట్లాగే చేయును గాక" అన్నాడు. అతనికీ ఆ మాటే నిజం కావాలని ఆశ. కాడిని విరిచాక కూడా వెంటనే పోట్లాడలేదు, తన దారిన వెళ్లిపోయాడు. తర్వాత యెహోవా వాక్కు వచ్చినప్పుడే తిరిగి వచ్చి, ఈ జనం అబద్ధాన్ని నమ్మేటట్టు చేశావన్నాడు. హనన్యా అదే సంవత్సరం ఏడో నెలలో చనిపోయాడు. నిజమైన ప్రవక్తకు తొందర లేదు, తన మాట గెలవాలనే పట్టుదలా లేదు. అతను చెప్పింది వినడానికి చేదు. దాన్ని నమ్మినవాళ్లే బబులోనులో ఇళ్లు కట్టుకుని బతికారు.

నా జీవితంలో దేవుడు నడిపించాడని నేను గట్టిగా నమ్మే సందర్భాలు చాలా తక్కువ. అన్నీ ఇట్లాగే ఉన్నాయి: మెల్లగా, ఏదో ఒక వాక్యం పదేపదే ఎదురుపడుతూ, ఇష్టం లేని పని వైపు. ఆ చెల్లెలి దగ్గరికి పోయి క్షమాపణ అడగమని వచ్చిన ఒత్తిడి అట్లాంటిదే. రెండేళ్లు తప్పించుకున్నాను, అది నన్ను వదల్లేదు. దాని వల్ల నాకు డబ్బు రాలేదు, పేరు రాలేదు, నా తల వంగింది. ఒక మనిషికి జరిగిన అన్యాయం కొంచెం సర్దుకుంది. "ముండ్లపొదలలో ద్రాక్షపండ్లనైనను, పల్లేరుచెట్లను అంజూరపు పండ్లనైనను కోయుదురా?" అని ప్రభువు అడిగాడు. మన చేన్లలో పల్లేరు గురించి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పచ్చగా నేలంతా అల్లుకుని పసుపు పూలు పూసి ఎంత అందంగా ఉంటుంది. కాయ గుచ్చుకునేదాకా తెలియదు. అందుకే పువ్వు చూసి తీర్పు చెప్పొద్దు, కాయ కాసేదాకా ఆగు అంటాను నేను మా తరగతిలో. ఆర్నెల్లలో ఆ కూడిక వల్ల మీ ఇంట్లో ఏం పండింది? అమ్మకు నిద్ర పెరిగిందా, భయం పెరిగిందా? నీతో, చుట్టుపక్కల వాళ్లతో ప్రేమ పెరిగిందా, దాపరికం పెరిగిందా?

ఒక్క జాగ్రత్త. నీకు కోపం వచ్చి ఇక ప్రతి సంఘాన్నీ తప్పుడు బోధ అనొద్దు. మన సీమలో కడప, జమ్మలమడుగు, గుత్తి వైపు లండన్ మిషన్ వాళ్లు, నంద్యాల వైపు ఆంగ్లికన్ వాళ్లు, కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులు పని చేశారు. అందుకే ఒకచోట చంటిబిడ్డకు బాప్తిస్మం ఇస్తారు, ఇంకోచోట పెద్దయ్యాక నీళ్లలో ముంచి ఇస్తారు. కడప పిల్లను కర్నూలుకు ఇస్తే దీని మీదే రెండు కుటుంబాలు అలిగిన పెళ్లిళ్లు నేను చూశాను. చప్పట్లు కొట్టి పాడడం, నిశ్శబ్దంగా పాడడం, భాషల్లో మాట్లాడడం, మాట్లాడకపోవడం, ఇవన్నీ అన్నదమ్ముల మధ్య తేడాలు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు, బిషప్పులు ఉండాలా వద్దా లాంటి తేడాలున్న సంఘాలే కొన్ని కలిసి కూర్చున్నాయి. ప్రవచనాలను కూడా మొత్తంగా తోసిపారేయొద్దు, నిర్లక్ష్యం చేయొద్దనే పౌలు రాశాడు. యేసు ఎవరు, ఆయన చేసింది చాలునా చాలదా, ఆయన పేరుతో బలహీనుణ్ణి ఎవరైనా పీల్చుకు తింటున్నారా అన్న చోటే నేను గీత గీస్తాను.

అమ్మతో ఎట్లా మాట్లాడాలో చెబుతాను. "నిన్ను మోసం చేసినారు" అని మొదలుపెట్టొద్దు. ఆమె కొడుకు కోసం, నీ కోసం పోయింది అక్కడికి. మన సంఘాల్లో ఎవరూ ఆమె చెయ్యి పట్టుకుని ఏడవలేదేమో, అక్కడ ఎవరో పట్టుకున్నారు. ఆ తప్పులో మాలాంటి పెద్దవాళ్లకూ భాగం ఉంది. పనులయ్యాక, తలదువ్వుకునే వేళ పక్కన కూర్చుని హిజ్కియా కథ చదువు. అంజూరపు ముద్ద దగ్గర ఆపి, "అమ్మా, ప్రవక్తే మందు వేయమన్నాడు చూడు" అను చాలు. గాజులు ఇవ్వాలని ఆమె పట్టుబడితే, నెల రోజులు ఆగమను. దేవుడు అడిగి ఉంటే నెల తర్వాత కూడా ఆయనే అడుగుతాడు. ఆ నెలలో మీ అయ్యగారి ఇంటికి ఇద్దరూ కలిసి పోండి, జరిగింది మొత్తం చెప్పండి. ఆ అన్న దగ్గరికి ఒంటరిగా పోయి వాదించొద్దు, ముఖ్యంగా నువ్వు. కాగితం మీద ఏదైనా సంతకం చేయమన్నా, ఇంటి పత్రాల మాట ఎత్తినా వెంటనే నాకు చెప్పు.

తమ్ముడితో కూడా మాట్లాడు. నాలుగు రోజులుగా ఇంట్లో అందరూ వాడి గురించే మాట్లాడుతున్నారు, వాడితో ఎవరూ మాట్లాడి ఉండరు. తనలో దయ్యం ఉందనే మాట వాడి చెవిన పడి ఉంటే, అది కాదని ముందు నీ నోట వినాలి.

ఆసుపత్రికి పోయేటప్పుడు పాత చీటీలన్నీ, మాత్రల అట్టలు ఖాళీవైనా సరే, తీసుకుపో. అమ్మను కూడా వెంట తీసుకుపో, డాక్టరు చెప్పేది ఆమె చెవులతోనే విననీ. నీ తమ్ముడి కోసం, మీ అమ్మ కోసం పొద్దున నాలుగున్నరకు ప్రార్థన చేస్తున్నాను. డాక్టరు ఏమన్నాడో రాయి.